పర్వత సైకిల్ రేసుల్లో చివర వచ్చేవాడికే కష్టం ఎక్కువ

సంపాదకుడు గారికి,

నమస్కారం. కొండల్లో రోజుల తరబడి సాగే సైకిల్ రేసుల మీద తెలుగు పత్రికల్లో అడపాదడపా వార్తలు వస్తుంటాయి. వాటిలో ఉండే అంకెలు రెండే: ఎన్ని రోజులు, ఎన్ని కిలోమీటర్లు. ‘8 రోజులు, 600 కిలోమీటర్లు’ అని చదవగానే పాఠకుడు మనసులో భాగహారం చేస్తాడు. రోజుకు 75. హైదరాబాద్‌లో ఆదివారం తెల్లవారుజామున బయల్దేరే సైకిల్ బృందాలు అంత దూరం తొక్కి టిఫిను వేళకు ఇల్లు చేరుతున్నాయి. మరి ఇందులో అంత గొప్పేముంది? అలా అడిగినవాడిది తప్పు కాదు. వార్త రాసినవారే చెప్పాల్సింది చెప్పలేదు. అది చెప్పడానికే ఈ ఉత్తరం. నిడివి ఎక్కువైతే కత్తిరించండి. సాయంత్రం పూట గురించీ, తిండి గురించీ రాసిన చోట మాత్రం కత్తెర పెట్టవద్దని మనవి.

దక్షిణాఫ్రికాలోని వెస్టర్న్ కేప్‌లో 2004 నుంచి జరుగుతున్న కేప్ ఎపిక్‌నే తీసుకుందాం. మొదటి రోజు ప్రోలాగ్ అనే చిన్న పరుగు, తర్వాత ఏడు రోజులు ఏడు స్టేజీలు. దారి ఏటా మారుతుంది. మొత్తం దూరం సాధారణంగా 600, 700 కిలోమీటర్ల మధ్య ఉంటుంది. ఎక్కాల్సిన ఎత్తు అంతా కలిపితే 15,000 మీటర్లకు అటూ ఇటూ. మన వార్తల్లో ఈ రెండో లెక్క కనపడదు. తిరుపతికీ తిరుమలకూ ఎత్తులో తేడా సుమారు 700 మీటర్లు. అంటే ఎనిమిది రోజుల్లో ఇరవై ఒక్కసార్లు కొండెక్కినంత. రోజుకు రెండుసార్లు, కొన్ని రోజులు మూడుసార్లు. పైగా తిరుమల ఘాట్ రోడ్డు నున్నటి తారు, వాలు నాలుగైదు శాతమే. అక్కడి దారులు గులకరాళ్లు, ఇసుక, వేర్లు. వాలు చాలాచోట్ల పన్నెండు శాతం, అక్కడక్కడా ఇరవై.

వేగం లెక్క కూడా చూడండి. ముందు 30 పళ్ల చక్రం, వెనక 51 పళ్ల చక్రం ఉన్న సైకిల్ అన్నిటికంటే తేలిక గేరులో ఉంటే, పెడల్ ఒక చుట్టు తిప్పితే బండి జరిగేది దాదాపు 1.35 మీటర్లు. నిమిషానికి అరవై చుట్లు తిప్పితే గంటకు అయిదు కిలోమీటర్లు కూడా రాదు. చెరువుగట్టు మీద వాకింగ్ చేసే పెద్దమనిషి వేగం అది. పన్నెండు శాతం వాలులో ఆ వేగంతో 2,000 మీటర్ల ఎత్తు ఎక్కడానికి దాదాపు మూడున్నర గంటలు పడుతుంది. అంతసేపూ తొక్కినా గడిచే దూరం పదిహేడు కిలోమీటర్లలోపే. 75లో మిగతా 58 అలాగే ఉంటాయి. ఈ రేసుల్లో కిలోమీటరు అనేది దాదాపు అర్థం లేని కొలత. ఎంత ఎత్తు ఎక్కాలి, ఎన్ని గంటలు పడుతుంది అన్నవే చెప్పాలి.

అయినా ఒక్కరోజు సంగతైతే ఇవన్నీ తట్టుకోవచ్చు. ఒళ్లు హూనమైనా ఇంటికొచ్చి రెండు రోజులు పడుకుంటే సరిపోతుంది. స్టేజ్ రేసులో ఆ రెండు రోజులు లేవు. మర్నాడు పొద్దున ఏడింటికల్లా మళ్లీ బయల్దేరే గీత దగ్గర నిలబడాలి. నిన్న ఖర్చయిన ఒంటిని, అరిగిన సైకిల్‌ని రాత్రికి రాత్రి ఎంతవరకు వెనక్కి తెచ్చుకోగలిగాడన్నదే ఈ రేసు. ముందు వచ్చేవాడికంటే చివర వచ్చేవాడికి ఇది కష్టం అనేది అందుకే.

ఏడింటికి బయల్దేరిన అగ్రశ్రేణి రైడర్ నాలుగైదు గంటల్లో, అంటే మధ్యాహ్న భోజనం వేళకు, ముగింపు గీత దాటేస్తాడు. అదే దారిలో చివర వచ్చేవాడికి తొమ్మిది గంటలు పట్టిందనుకుందాం. సాయంత్రం నాలుగు. మొదటివాడు తొక్కిన కొండలే ఇతనూ తొక్కాడు, కాకపోతే నాలుగు గంటలు ఎక్కువ ఎండలో ఉన్నాడు, నాలుగు గంటలు ఎక్కువ సీటు మీద కూర్చున్నాడు. ఇక సైకిల్ కడిగే చోట వరస. స్నానాల దగ్గర వరస. మెకానిక్ దగ్గర అన్నిటికంటే పొడుగు వరస. బాటిళ్లు సబ్బుతో కడగాలి, బురద పట్టిన నిక్కరు ఉతికి ఆరేయాలి, తినాలి, మర్నాటి దారి గురించి చెప్పే సమావేశం వినాలి, సంచి సర్దుకోవాలి. నిద్రకు వాలేసరికి తొమ్మిది. టెంటుకు రెండడుగుల అవతల మరో టెంటు, అందులో గురక. కాస్త దూరంలో జనరేటర్ చప్పుడు. పొద్దున నాలుగున్నరకే లేవాలి, లేకపోతే మరుగుదొడ్డి దగ్గర వరసలో నిలబడి టిఫిను పోగొట్టుకుంటాడు. మొదటివాడేమో ఇతను గీత దాటేసరికే తిని, కాళ్లు పట్టించుకుని, మధ్యాహ్నం ఒక కునుకు తీసి లేచాడు. అతని సైకిల్ సంగతి అతని మెకానిక్ చూసుకున్నాడు. స్తోమత ఉన్న జట్లు టెంట్లలో కాక వ్యాన్లలో పడుకుంటాయి. డబ్బుంటే ఎవరైనా చేసేయొచ్చు అని పెదవి విరిచేవాళ్ల మాటలో ఈ మేరకు నిజం ఉంది. డబ్బు పెడల్ తొక్కదు, కానీ నిద్ర కొనిపెడుతుంది.

కేప్ ఎపిక్‌ను పురుషుల విభాగంలో అయిదేసి సార్లు గెలిచినవాళ్లు ఇద్దరున్నారు: జర్మనీకి చెందిన కార్ల్ ప్లాట్, స్విట్జర్లాండ్‌కు చెందిన క్రిస్టఫ్ సాసర్. ప్లాట్ మొదటి గెలుపు 2004లో, అయిదోది 2016లో. పన్నెండేళ్ల తేడాతో అదే మనిషి గెలవడాన్ని కాళ్ల బలంతో మాత్రమే వివరించలేం. ఎక్కడ తొక్కాలో, ఎక్కడ ఆపుకోవాలో తెలియడం అందులో పెద్ద పాలు.

ఇక తిండి. సైకిల్, నీళ్లు, మనిషి కలిపి 85 కిలోలు అనుకుంటే, దాన్ని 2,000 మీటర్లు పైకి లేపడానికి కావలసిన పని 400 కిలోక్యాలరీలు. కండరం తాను ఖర్చు చేసేదాంట్లో నాలుగో వంతే పనిగా మార్చగలదు, మిగతాది వేడిగా పోతుంది. కాబట్టి ఎక్కడానికే 1,600 దాకా కాలిపోతాయి. ఎనిమిది గంటల స్టేజీ మొత్తానికి 4,000 పైనే. మరి లోపలికి పంపగలిగేది ఎంత? ఒక రకం చక్కెరే అయితే పేగు గంటకు సుమారు 60 గ్రాముల పిండిపదార్థాన్ని మాత్రమే పీల్చుకుంటుంది. గ్లూకోజు, ఫ్రక్టోజు కలిపి తీసుకుంటూ నెలల తరబడి పొట్టకు అలవాటు చేసినవాళ్లు 90 దాకా వెళతారు. అరవై గ్రాములు అంటే 240 కిలోక్యాలరీలు. గంటకు అయిదు వందలు ఖర్చు, రెండు వందల నలభై జమ. ఎంత బాగా తిన్నా రోజూ అప్పే. కండరాల్లో, కాలేయంలో నిలవ ఉండే గ్లైకోజన్ నాలుగైదు వందల గ్రాములు. అది పూర్తిగా నిండడానికి దాదాపు ఒక రోజు కావాలి. స్టేజీకీ స్టేజీకీ మధ్య అంత వ్యవధి ఎవరికీ లేదు, చివరివాడికి అసలే లేదు.

అందుకే గీత దాటిన మొదటి అరగంట విలువైనది. డెబ్భై కిలోల మనిషి మొదటి నాలుగు గంటలూ గంటకు 70 గ్రాముల పిండిపదార్థం తినాలి. అది పావు కిలో తెల్లన్నం. మనకు ఇందులో ఒక సుఖం ఉంది: పెరుగన్నం, ఉప్పు, పక్కన అరటిపండు. విదేశీ పొడుల డబ్బాలు చేసే పని చాలావరకు ఇదే చేస్తుంది. అరటిపండులో 25 గ్రాములు, ఇరవై గ్రాముల బెల్లంముక్కలో దాదాపు అంతా చక్కెరే. పల్లీపట్టి రుచే కానీ నూనె ఎక్కువ. కొండ ఎక్కేటప్పుడు అది పొట్టలో రాయిలా కూర్చుంటుంది. దాన్ని క్యాంపుకు వదిలేయాలి. మొదటిసారి వెళ్లేవాళ్లు ఊహించనిది మరొకటి ఉంది. నాలుగో రోజుకు తీపి మొహం మొత్తుతుంది. జెల్ ప్యాకెట్టు చూస్తేనే వికారం వస్తుంది. తినడం మానేస్తారు, రెండు గంటల్లో కాళ్లలో సత్తువ పోతుంది. ఉప్పు చల్లిన ఉడకబెట్టిన బంగాళాదుంపలు, చిన్న ఉప్పుడు పిండి ముద్దలు జేబులో ఉన్నవాడు ఆ రోజు గట్టెక్కుతాడు. ఆవకాయ సీసా తీసుకెళ్లేవాళ్లను చూసి నవ్వక్కర్లేదు. సాయంత్రం ఆకలి చచ్చిపోయినప్పుడు రెండు ముద్దలు దిగేలా చేసేది అదే. రేసు పొద్దున మాత్రం వద్దు, హ్యాండిల్ మీదికి వంగి తొక్కేటప్పుడు పులితేన్పులు గొంతులోకి వస్తాయి.

నీళ్లు గంటకు అర లీటరు నుంచి ముప్పావు లీటరు, ఎండ మండితే ఇంకాస్త. ఉట్టి నీళ్లు మాత్రం కాదు. లీటరుకు పావు చెంచా ఉప్పు కలిపితే సుమారు 600 మిల్లీగ్రాముల సోడియం వస్తుంది. చొక్కా మీద తెల్లని ఉప్పు చారలు కట్టేవాళ్లకు అంతకంటే ఎక్కువ కావాలి. నిజమైన ఓఆర్‌ఎస్ ప్యాకెట్టు లీటరు నీళ్లకు ఇరవై గ్రాముల పొడి, అందులో ఉప్పు 2.6 గ్రాములు. అదే పేరు గుర్తొచ్చేలా అమ్మే తీపి డబ్బా పానీయాలు ఆ పని చేయవు. స్టేజీకి ముందూ తర్వాతా బరువు చూసుకోవడం మంచి అలవాటు. రెండు శాతం దాకా తగ్గితే ఫరవాలేదు. బరువు పెరిగిందంటే ఉప్పు లేని నీళ్లు అతిగా తాగినట్టు. రక్తంలో సోడియం పడిపోయి తలనొప్పి, తికమక, వాంతులు వస్తాయి. చూసేవాళ్లు ఎండదెబ్బ అనుకుని మళ్లీ నీళ్లే తాగిస్తారు. ప్రాణం మీదికి తెచ్చే పొరపాటు అది. మందుల దుకాణంలో అడగగానే ఇచ్చే ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ మాత్రలు కూడా ఇలాంటివే. ఒంట్లో నీరు తక్కువగా ఉండి, కండరాలు నలిగిపోయి ఉన్నప్పుడు అవి మూత్రపిండాలను దెబ్బతీస్తాయి. కోకాకోలా రంగులో మూత్రం వచ్చిందంటే మర్నాడు సైకిల్ ఎక్కే ప్రశ్నే లేదు, ఆస్పత్రికి వెళ్లాలి.

రైడర్లను ఇంటికి పంపేవి చాలాసార్లు చిన్న చిన్న బాధలే. తొడల మధ్య ఒరుపు మొదటి రోజు మంట, మూడో రోజు పుండు, అయిదో రోజు సెగ్గడ్డ. అది లేచాక సీటు మీద కూర్చోలేడు, నిలబడి ఎంతసేపు తొక్కుతాడు? చేయాల్సింది సులువే. రేసు నిక్కర్లు కనీసం మూడు ఉండాలి, పొద్దున క్రీము రాయాలి, గీత దాటిన పది నిమిషాల్లో తడి నిక్కరు విప్పేయాలి. ఆ తడిదానితోనే కబుర్లు చెబుతూ భోజనానికి కూర్చునేవాడు మూడో రోజుకు దొరికిపోతాడు. రెండోది అరచేయి. రాళ్ల దారిలో గంటల తరబడి బరువంతా చేతుల మీద పడితే చిటికెన వేలు, ఉంగరపు వేలు తిమ్మిరెక్కుతాయి, బ్రేకు మీది పట్టు తగ్గుతుంది. హ్యాండిల్ ఒక అరంగుళం ఎత్తడం, కుదుపులు మింగే ముందు ఫోర్కులో గాలి కాస్త తగ్గించడం, చేతులు మార్చి మార్చి పట్టుకోవడం తప్ప దారిలో దానికి మందు లేదు. తిమ్మిరి తగ్గడానికి కొందరికి వారాలు పడుతుంది.

బురద గురించి ఎవరూ మాట్లాడరు. కొండ దారుల్లో ఆవులు, గొర్రెలు తిరుగుతాయి. వాన పడితే వాటి పేడ కలిసిన బురద ముందు చక్రం నుంచి నేరుగా ముఖం మీదికి, బాటిల్ మూతి మీదికి ఎగురుతుంది. అదే మూతిని నోట్లో పెట్టుకుంటాడు. 2007లో కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలో ఒక్కరోజు పర్వత సైకిల్ రేసు తర్వాత రెండు వందల మందికి పైగా విరేచనాల బారిన పడ్డారు. కారణం క్యాంపైలోబాక్టర్ అనే సూక్ష్మజీవి, అది వచ్చింది బురద నుంచి. మూతి మీద తొడుగు ఉన్న బాటిల్, లేదా వీపు సంచిలో నీళ్లు, లేదా కనీసం తాగే ముందు ఒక గుక్క పిండి పారబోయడం. మూడింటిలో ఏదైనా చేయవచ్చు. ముందు చక్రం మీద చిన్న మడ్‌గార్డు బిగిస్తే సగం సమస్య తీరుతుంది. అందంగా ఉండదని దాన్ని తీసేసేవాళ్లున్నారు, ఏం చెప్తాం.

ఇప్పుడు సైకిల్. దక్షిణాఫ్రికా దారుల్లో డుబ్బెల్కీ అనే ముల్లు ఉంటుంది. మన చేల గట్ల మీద కాలికి గుచ్చుకునే పల్లేరు కాయే అది, మొక్క అదే. ఈ ముళ్ల కోసమే ఇప్పుడు ట్యూబు లేని టైర్లు, లోపల సీలెంట్ అనే పాల లాంటి ద్రవం. 29 అంగుళాల చక్రం మీది వెడల్పాటి టైరుకు 100 నుంచి 120 మిల్లీలీటర్లు పోయాలి. అది రెండు మూడు నెలల్లో ఎండిపోతుంది, మన వేసవిలో ఇంకా ముందే. రేసుకు పదిహేను రోజుల ముందు పాతది తీసి కొత్తది పోయకపోతే టైరులో మిగిలేది రబ్బరు ఉండలు.

ముల్లు చిన్నదైతే పీకి చక్రం తిప్పితే చాలు, చిల్లు మూసుకుంటుంది. రాయి కోసి మూడు నాలుగు మిల్లీమీటర్ల కంత పడితే గాలి బుస్సుమంటూ తెల్లటి నురుగు చిమ్ముతుంది. అప్పుడు కంగారుగా పంపు తీయకూడదు. ముందు కంతను కిందివైపు తిప్పి వేలితో అదిమితే ద్రవం అక్కడ చేరుతుంది. జిగురు వత్తిని సూదికి ఎక్కించి, మూడింట రెండు వంతులు లోపలికి దూర్చి, రెండు కొసలూ బయట ఉండగానే సూదిని ఒక్క లాగుడుతో పీకాలి. నిదానంగా పీకితే వత్తి కూడా సూది వెంట బయటికొచ్చేస్తుంది. కొసలు మరీ దగ్గరగా కోయకూడదు. తర్వాతే గాలి. 16 గ్రాముల కార్బన్ డయాక్సైడ్ సిలిండరు ఈ సైజు టైరుకు బొటాబొటీ, 25 గ్రాములదైతే నిశ్చింత. ఆ వాయువు మామూలు గాలికంటే త్వరగా రబ్బరులోంచి కారిపోతుంది కాబట్టి సాయంత్రం పంపుతో మళ్లీ కొట్టుకోవాలి. టైరు పక్కగోడ చీలితే వత్తి ఆగదు. లోపల ఒక అట్ట పెట్టి ట్యూబు వేయాలి, అట్ట లేకపోతే మడిచిన నోటైనా పనికొస్తుంది. ఇక్కడే రెండు చోట్ల ఇరుక్కుంటారు. వాల్వు నట్టు ఎండిన సీలెంట్‌తో బిగుసుకుపోయి వేళ్లతో రాదు, చిన్న పట్టకారు ఉండాలి. రెండోది, ఇన్నాళ్లూ టైరులో గుచ్చుకుని ద్రవం మూసేసిన ముళ్లన్నీ లోపలివైపు పొడుచుకుని ఉంటాయి. వాటిని తడిమి ఏరకుండా ట్యూబు వేస్తే అది అయిదు నిమిషాలు కూడా నిలవదు.

వెనక గేరు మార్చే డిరైలర్‌ను ఫ్రేముకు కలిపే చిన్న అల్యూమినియం ముక్కను హ్యాంగర్ అంటారు. సైకిల్ కుడివైపుకు పడితే ఫ్రేము బదులు తానే వంగాలని దాన్ని మెత్తగా చేస్తారు. కొంచెం వంగితే తెలియదు కూడా. మర్నాడు నిటారు ఎక్కుడులో అన్నిటికంటే పెద్ద పళ్లచక్రం వేయగానే డిరైలర్ స్పోకుల్లోకి వెళ్లి చుట్టుకుంటుంది. ఆ రోజుతో రేసు అయిపోయినట్టే. పడ్డ ప్రతిసారీ వెనక నిలబడి చూడాలి, చక్రానికీ డిరైలర్‌కూ మధ్య సమానంగా ఉందా అని. హ్యాంగర్లు ఒక్కో మోడల్‌కు ఒక్కో ఆకారం, క్యాంపులో మెకానిక్ దగ్గర మీది దొరుకుతుందని నమ్మకండి. రెండు కొని ఒకటి సీటు కింద టేపుతో అంటించుకోవాలి.

బ్రేకు ప్యాడ్లు బురదలో కరిగిపోతాయనే చెప్పాలి. రెసిన్ ప్యాడ్ల జత ఒక్క వాన స్టేజీలో అరిగిపోయిన సందర్భాలున్నాయి. లోహం కలిసినవి చప్పుడు చేసినా నిలుస్తాయి. మందం అర మిల్లీమీటరుకు వస్తే మార్చేయాలి. కొత్తవి వేసి పొద్దున్నే నేరుగా దిగుడులోకి వెళ్లకూడదు. పదిహేను ఇరవైసార్లు వేగం అందుకుని పూర్తిగా ఆగకుండా తగ్గిస్తూ వాటిని డిస్కుకు అలవాటు చేయాలి. చీకట్లో టార్చి వెలుగులో చైనుకు స్ప్రే నూనె కొడితే ఆ తుంపర డిస్కు మీద పడుతుంది. తర్వాత బ్రేకు నొక్కితే కీచుమనడం తప్ప ఆగడం ఉండదు. నూనె ఎప్పుడూ చుక్కలుగా వేయాలి, గుడ్డతో తుడవాలి. చైను కొత్తదే వేసుకుని వెళ్లాలి, అయితే వంద కిలోమీటర్లు తొక్కాక. పన్నెండు గేర్ల చైనుకు దాని లింకే పడుతుంది, పక్కవాడి పది గేర్ల లింకు అప్పు తెచ్చినా పనికిరాదు.

పడడాలు మొదటి రోజు ఉత్సాహంలో కొన్ని, నాలుగో రోజు తర్వాత అలసటలో ఎన్నో. దిగుడులో గంటకు నలభై కిలోమీటర్ల వేగంతో పోతూ పది మీటర్ల ముందున్న రాయిని చూసి తప్పించుకోవడానికి ఉండేది సెకను లోపే. నిద్ర లేని మెదడు ఆ నిర్ణయం ఆలస్యంగా చేస్తుంది. విరిగేది ఎక్కువగా కాలర్ బోన్, అంటే భుజానికీ ఛాతీకీ మధ్య ఉండే ఎముక. ఎక్కుడులో ఒళ్లు నలుగుతుందని అందరికీ తెలుసు. దిగుడులో నలిగేది తల.

జంటల రేసుల్లో ఇంకో చిక్కు. కేప్ ఎపిక్‌లో ఇద్దరు కలిసే తొక్కాలి, ఎప్పుడూ ఒకరికొకరు రెండు నిమిషాల దూరంలోనే ఉండాలి. దాటితే సమయం జరిమానా. ఒకరు తప్పుకుంటే రెండోవారు కొనసాగవచ్చు కానీ జట్టు వరుసలో లెక్కకు రారు. బలమైనవాడు ఎక్కుడులో ముందుకెళ్లి ఆగి, చెమట ఆరి, చలేసి, విసుక్కుంటాడు. బలహీనుడు అతణ్ని అందుకోవాలని శక్తికి మించి తొక్కి మూడో రోజుకే కూలబడతాడు. పనిముట్లు, ట్యూబులు, నీళ్లు అన్నీ బలమైనవాడి వీపుకు ఎక్కించడం పాత ఉపాయం, ఇప్పటికీ అంతకంటే మంచిది లేదు.

మన దేశంలోని ఒక రేసు హిమాచల్‌లోది. 2005లో మొదలైన ఎంటీబీ హిమాలయ షిమ్లా వైపు నుంచి బయల్దేరేది, కొన్నేళ్లు జలోరీ కనుమ మీదుగా సాగింది. ఆ కనుమ ఎత్తు మూడు వేల మీటర్ల పైనే. హైదరాబాద్ ఉన్నది 540 మీటర్ల దగ్గర, విశాఖ సముద్రపు ఒడ్డున. మూడు వేల మీటర్ల మీద గాలి ఒత్తిడి సముద్రమట్టంలో ఉండేదాంట్లో డెబ్భై శాతమే. ఇక్కడ హాయిగా మాట్లాడుతూ ఎక్కిన వాలు అక్కడ ఆయాసంతో ఎక్కాలి. నేపాల్‌లో 2007లో మొదలైన యాక్ అటాక్ రేసు దారి చాలా ఏళ్లు అన్నపూర్ణ పర్వతాల చుట్టూ తిరిగి 5,416 మీటర్ల థోరాంగ్ కనుమ దాటేది. అక్కడ గాలి ఒత్తిడి దాదాపు సగం. మంచులో సైకిల్‌ను భుజాన వేసుకుని నడవడమే ఎక్కువ, అందుకే మడమ కింద రబ్బరు పట్టు లేని గట్టి కార్బన్ బూట్లు అక్కడ శత్రువులు.

శుక్రవారం సాయంత్రం విమానం దిగి శనివారం స్టేజీ మొదలుపెట్టే పద్ధతి మానుకోవాలి. కనీసం అయిదారు రోజుల ముందు వెళ్లి రెండు వేల మీటర్ల పైన పడుకోవాలి. తలనొప్పితో పాటు వికారం, నిద్ర పట్టకపోవడం ఉంటే ఇంకా ఎత్తుకు వెళ్లకూడదు. కూర్చున్నా ఆయాసం, దగ్గు వస్తే వెంటనే కిందికి దింపేయాలి. ఎత్తు పడక వచ్చే జబ్బుకు డాక్టరు రాసిచ్చాడని డయామాక్స్ మాత్ర వేసుకునేవాళ్లకు ఒక మాట: అందులోని అసెటజోలమైడ్ ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ నిషేధ జాబితాలో ఉంది. లైసెన్సు ఉన్న పోటీదారులు ముందుగా వైద్య మినహాయింపు తీసుకోవాలి. ట్రెక్కింగ్‌కు వెళ్లేవాడికి మందు, రేసుకు వెళ్లేవాడికి డోపింగ్ కేసు.

సాధనకు మనకు కొండల్లేవనేది సాకు. శృంగవరపుకోట నుంచి అరకు ఘాట్, లంబసింగి ఎక్కుడు, కాళ్లకు ఇవి చాలు. రాళ్ల మీద సైకిల్ నడపడం నేర్చుకోవడానికి వికారాబాద్ అనంతగిరి అడవి దారులున్నాయి. ఆదివారం ఒక్కరోజు 150 కిలోమీటర్లు తొక్కి ఫొటో పెట్టడంకంటే శుక్ర, శని, ఆదివారాలు వరుసగా రోజుకు నాలుగైదు గంటలు తొక్కడం వందరెట్లు మేలు. మూడో రోజు పొద్దున మెట్లు దిగేటప్పుడు కాళ్లు చెప్పేదాన్ని బట్టి రేసుకు పేరివ్వాలో వద్దో తేల్చుకోవచ్చు. అలాంటి మూడు రోజుల వరసలు పది పన్నెండు వారాల్లో నాలుగైనా ఉండాలి. ఆ మూడు రోజులూ రేసులో తినబోయేదే తినాలి, రేసు నిక్కరే వేసుకోవాలి, సాయంత్రం సైకిల్ తానే కడిగి తానే బాగు చేసుకోవాలి.

చివరగా పత్రికకు ఒక మనవి. ఇలాంటి రేసు వార్త వచ్చినప్పుడు విజేత పేరూ దూరమూ ఎలాగూ వేస్తారు. వాటి పక్కన ఇంకో నాలుగు అంకెలకు చోటివ్వండి: ఎక్కిన ఎత్తు ఎంత, బయల్దేరినవాళ్లు ఎందరు, పూర్తి చేసినవాళ్లు ఎందరు, చివరి మనిషి గీత దాటింది ఎన్ని గంటలకు. నిర్వాహకుల ఫలితాల పట్టికలో చివరి పేజీ తిప్పితే చాలావరకు దొరుకుతాయి.

ఇట్లు
కొందరు పర్వత సైక్లింగ్ పాఠకులు
హైదరాబాద్